పాంబన్ వంతెన ఒంటి మీద జింక్

తమిళనాడులో రామేశ్వరానికి వెళ్ళే దారిలో ఉన్న పాంబన్‌లో కొత్త రైలు వంతెన 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి రోజు మొదలైంది కదా, అప్పటి నుంచి యూట్యూబ్‌లో ఎక్కడ చూసినా పైకి లేచే ఆ 72.5 మీటర్ల స్పాన్ (రెండు స్తంభాల మధ్య భాగం) గురించే. ఓడ వస్తే ఆ భాగం మొత్తం నిట్టనిలువుగా 17 మీటర్ల దాకా లేస్తుంది, చూడ్డానికి నిజంగా బాగుంటుంది. కానీ ఆ వంతెనలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆకట్టుకునేది వీడియోల్లో కనపడదు. గర్డర్ల (బరువు మోసే పొడవాటి ఉక్కు దూలాల) మీద రంగు కింద ఉన్న జింక్ పొర అది. ఉక్కు కట్టడాల మీద పూతలు తనిఖీ చేయడం నా ఉద్యోగం, అందుకని నా కళ్ళు ముందు అక్కడికే పోతాయి. దాని గురించి తెలుగులో వివరంగా రాసినవాళ్ళు నాకు కనపడలేదు, అందుకే ఈ పోస్టు, కాస్త పెద్దదే.

ముందు ఆ చోటు ఎలాంటిదో చెప్పాలి. చుట్టూ సముద్రం, ఏడాది పొడవునా ఉప్పుగాలి, తేమ, మండే ఎండ. పాత వంతెన 1914లో మొదలైంది. 1964 డిసెంబరు తుఫానులో చాలా స్పాన్లు కొట్టుకుపోతే రైల్వే ఇంజినీరు ఇ. శ్రీధరన్ గారి ఆధ్వర్యంలో 46 రోజుల్లో మళ్ళీ నిలబెట్టారు. అంత తుఫాను తట్టుకుని లేచిన వంతెన మీద 2022 డిసెంబరులో రైళ్ళు పూర్తిగా ఆగిపోవడానికి కారణం తుప్పు, ముఖ్యంగా ఓడల కోసం తెరుచుకునే భాగంలో పట్టిన తుప్పు.

మన రాజమండ్రి హేవలాక్ వంతెన కూడా ఆ కాలందే. 1900లో మొదలై 1997 దాకా రైళ్ళని మోసింది, ఇప్పటికీ గోదావరి మీద నిలబడే ఉంది. రెండూ ఉక్కు వంతెనలే, రెండింటి కిందా నీళ్ళే, తేడా అంతా గాలిలో ఉంది. గోదావరి మీద గాలిలో తేమ ఉంటుంది గానీ పాంబన్‌లో లాగా ఉప్పు ఉండదు. ఐఎస్ఓ 9223 అనే ప్రమాణం గాలిని సి1 నుంచి సి5 దాకా, అంతకు మించితే సీఎక్స్ అని తరగతులుగా విడగొట్టింది. మధ్యస్థమైన సి3 గాలిలో పూత లేని ఉక్కు మొదటి ఏడాదిలో 25 నుంచి 50 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం కోల్పోతుంది, సి5లో అయితే 80 నుంచి 200. అదే జింక్ సి3లో 0.7 నుంచి 2.1 మైక్రాన్లు, సి5లో 4.2 నుంచి 8.4. అంటే అంత చెడ్డ సముద్రపు గాలిలో కూడా ఉక్కు కన్నా జింక్ సుమారు ఇరవై రెట్లు నెమ్మదిగా అరుగుతుంది. పాంబన్ వంతెనకి ఇవతలి ఒడ్డున మండపంలో కారైకుడి ఎలక్ట్రోకెమికల్ పరిశోధన సంస్థ వాళ్ళకి తుప్పు పరీక్షల కేంద్రం ఉంది. లోహాన్ని ఇంత త్వరగా తినేసే గాలి దేశంలో అరుదు కాబట్టి అలాంటి కేంద్రానికి అంతకన్నా తగిన చోటు దొరకదు.

అసలు రంగు ఉండగా జింక్ ఎందుకు అని చాలామంది అడుగుతారు. మామూలు రంగు చేసే పని ఒక్కటే, నీళ్ళనీ గాలినీ ఉక్కు దాకా రానివ్వకపోవడం. ఎక్కడైనా చిట్లిందా, ఇక అంతే. ఆ సన్నటి పగులులోంచి తడి లోపలికి దిగి, రంగు కింద నుంచే తుప్పు పాకుతూ పోతుంది, పైకి మాత్రం శుభ్రంగా కనిపిస్తుంది, గోటితో గీకితే పెచ్చు పెచ్చుగా ఊడొస్తుంది. ఇప్పుడు ఊళ్ళో పశువుల పాక మీద జింకు రేకులు చూడండి. కత్తెరతో కోసిన అంచున లోపలి ఉక్కు బయటికే ఉంటుంది, మేకు కొట్టిన బెజ్జం దగ్గరా అంతే, అయినా చాలా ఏళ్ళ దాకా అక్కడ ఎర్రబడదు. తడి తగిలినప్పుడు ఆ రెండు లోహాలూ కలిసి ఒక చిన్న బ్యాటరీ సెల్ అవుతాయి. ఎలక్ట్రాన్లు వదిలేయడంలో జింక్ ఇనుము కన్నా ముందుంటుంది, లెక్కల్లో చెప్పాలంటే జింక్‌ది మైనస్ 0.76 వోల్టులు, ఇనుముది మైనస్ 0.44. అందువల్ల జింక్ కరిగిపోతూ ఉంటుంది, పక్కనున్న ఉక్కు నిలబడుతుంది. అయితే ఈ కాపుదల కొన్ని మిల్లీమీటర్ల దూరమే పనిచేస్తుంది. అరచేయంత మేర పూత లేచిపోతే జింక్ కూడా ఏమీ చేయలేదు.

మరి అంత చురుకైన లోహం త్వరగా అయిపోవాలి కదా? అవ్వదు. గాలిలోని తేమతో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి జింక్ తన మీద తానే ఒక బూడిదరంగు కార్బనేట్ పొర కట్టుకుంటుంది. కొత్త జీఐ పైపు, అంటే జింక్ పూసిన ఇనుప పైపు మెరుపు కొన్నాళ్ళకి తగ్గి మసకబారడం చూసి నాసిరకం అనుకుంటారు గానీ, ఆ మసకే దాని రక్షణ. పైపులని తడిలో ఒకదాని మీద ఒకటి గాలి ఆడకుండా పేర్చితే మాత్రం ఈ పొర కట్టదు, తెల్లటి పొడి పట్టి జింక్ వృథాగా పోతుంది. స్టోర్ యార్డుల్లో వానాకాలం ఇది మామూలే, రెండు చెక్క ముక్కలు మధ్యలో పెట్టి ఏటవాలుగా పేరిస్తే సరిపోయే పని.

ఈ ఆలోచన చాలా పాతది. ఫ్రాన్స్‌లో మలూయిన్ అనే రసాయన శాస్త్రవేత్త 1742లోనే ఇనుముని కరిగించిన జింక్‌లో ముంచి చూపించాడు, సోరెల్ 1830లలో దాని మీద పేటెంటు తీసుకున్నాడు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే రాజస్థాన్‌లోని జావర్‌లో మనవాళ్ళు మట్టి మూసల్లో జింక్‌ని బట్టీ పట్టి తీశారు, ఆ కొలిమిల అవశేషాలు ఇప్పటికీ ఉన్నాయి. విశాఖపట్నంలో కూడా చాలాకాలం జింక్ స్మెల్టర్ నడిచింది, ఇప్పుడది లేదు.

సరే, వంతెనకి జింక్ ఎలా ఎక్కిస్తారు? ఒక దారి హాట్ డిప్, అంటే సుమారు 450 డిగ్రీల దగ్గర కరిగిన జింక్ తొట్టిలో ముక్కని పూర్తిగా ముంచడం. ముందు ఆసిడ్‌తో కడిగి, జింక్ బాగా పట్టడానికి ఫ్లక్స్ అనే రసాయనం పట్టించి, తర్వాత ముంచుతారు. ఇందులో గొప్ప సంగతి ఏంటంటే జింక్ పైన అంటుకుని ఊరుకోదు, ఉక్కుతో కలిసి మిశ్రమ లోహపు పొరలు కడుతుంది, వాటిలో కొన్ని ఉక్కు కన్నా గట్టిగా ఉంటాయి. రవాణాలో గొలుసులు రాసుకున్నా పూత అంత తేలిగ్గా ఊడదు. మన ఐఎస్ 4759 ప్రకారం 5 మిల్లీమీటర్లు దాటిన మందం ఉక్కు మీద చదరపు మీటరుకి కనీసం 610 గ్రాముల జింక్ పట్టాలి, అది సుమారు 85 మైక్రాన్లు. గొట్టాల లోపల, మూలల్లో, చేయి దూరని చోట కూడా ఎక్కుతుంది, ఇంకే పద్ధతికీ అది చేతకాదు. కానీ తొట్టి ఎంత పొడవుంటే అంత ముక్కే పడుతుంది, పెద్ద గర్డర్లు పట్టవు. మూసేసిన గొట్టానికి గాలి బెజ్జాలు పెట్టడం మర్చిపోతే లోపలి తేమ ఆవిరై తొట్టిలోనే పేలుతుంది, ప్రాణాలు పోయే ప్రమాదం అది. ఉక్కులో సిలికాన్ ఎంతుందో ముందే చూసుకోకపోతే పూత మరీ మందంగా, పెళుసుగా వస్తుంది. అందుకే వంతెనల్లో రెయిలింగులు, నడకదారి జాలీలు, బ్రేసింగులు, చిన్న బీములకి హాట్ డిప్ బాగా సరిపోతుంది.

పెద్ద గర్డర్లకి మెటలైజింగ్ చేస్తారు. జింక్ తీగని గన్‌లో కరిగించి, గాలి ఒత్తిడితో సన్నటి తుంపరగా ఉక్కు మీద చల్లుతారు. కొన్నిసార్లు 85 పాళ్ళు జింక్, 15 పాళ్ళు అల్యూమినియం కలిపిన తీగ వాడతారు. ఎంత పెద్ద ముక్కకైనా చల్లొచ్చు, కావలసినంత మందం వేయొచ్చు, సముద్రం పక్కన 200 మైక్రాన్ల దాకా వేస్తారు. పాంబన్ కొత్త గర్డర్లకి వేసింది ఇదే, మెటలైజింగ్ మీద ఎపాక్సీ సీలరు, ఆపైన పాలీసైలోక్సేన్ రంగు. మెటలైజింగ్ పొరలో కంటికి కనపడని రంధ్రాలుంటాయి, సీలరు వాటిని మూస్తుంది, పై రంగు ఎండనీ ఉప్పునీ ఆపుతుంది. ఇలా జింక్ మీద రంగు వేసిన జోడీ, విడివిడిగా రెండూ ఎన్నాళ్ళు వస్తాయో కూడితే వచ్చే లెక్క కన్నా ఎక్కువకాలం నిలుస్తుందని మా రంగంలో అందరూ ఒప్పుకునే మాట. ఎందుకంటే రంగు ఉన్నంతకాలం జింక్ ఖర్చు కాదు, రంగు చిట్లిన చోట జింక్ అడ్డం నిలబడి కింద నుంచి తుప్పు పాకనివ్వదు. పెద్దగా మెయింటెనెన్స్ లేకుండా 38 ఏళ్ళు, కాస్త చూసుకుంటే 58 ఏళ్ళు వస్తుందని రైల్వే చెప్పింది. అతుకులు కూడా పూర్తిగా వెల్డింగే. ప్లేటు మీద ప్లేటు వేసి రివెట్లు కొట్టిన పాత పద్ధతిలో మధ్య సందుల్లో ఉప్పు నీళ్ళు దాక్కునేవి, అక్కడ తుప్పు ఉబ్బి ప్లేట్లనే విడదీసేది. ఆ బాధ ఇందులో తగ్గింది.

మూడోది జింక్ ఎక్కువగా ఉండే ప్రైమర్లు. వాటిలో సిలికేట్ రకానికి ఓ మంచి చరిత్ర ఉంది. ఆస్ట్రేలియాలో విక్టర్ నైటింగల్ అనే ఆయన జింక్ సిలికేట్ పూత కనిపెడితే, 1940లలో మోర్గాన్ నుంచి వయాలా దాకా వేసిన 350 కిలోమీటర్ల పైచిలుకు నీటి పైపులైన్ మీద దాన్ని వాడారు. అర్ధశతాబ్దం తర్వాత వెళ్ళి చూసినవాళ్ళకి కూడా ఆ పూత బాగానే కనిపించింది. అమెరికాలో గోల్డెన్ గేట్ వంతెనకి కూడా ఇదే దిక్కయింది. 1937లో సీసం రంగులతో మొదలైన వంతెన అది, సుమారు పాతికేళ్ళు అక్కడక్కడా టచప్‌తో గడిచింది, తర్వాత తుప్పు ముదరడంతో 1960లలో పాత రంగంతా గీకేసి జింక్ సిలికేట్ ప్రైమర్ వేయడం మొదలుపెట్టారు. ఆ పని 1995కి గానీ పూర్తవలేదు. బే ఏరియాలో మనవాళ్ళు బోలెడుమంది దాని ముందు నిలబడి ఫోటోలు దిగుతారు, ఆ నారింజ రంగు కింద బూడిదరంగు జింక్ ఉందని ఈసారి గుర్తు చేసుకోండి.

ఈ సిలికేట్ ప్రైమర్లలో ఇథైల్ సిలికేట్ రకానికి ఒక పట్టుదల ఉంది. చాలా రంగులు ఆరడానికి పొడి వాతావరణం కావాలి, దీనికి తేమ కావాలి. మే నెలలో తెలంగాణ మధ్యాహ్నం వేశారంటే ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది గానీ లోపల పట్టదు, నీళ్ళు చల్లి తడపాలి. సాల్వెంట్‌లో ముంచిన గుడ్డతో గట్టిగా 50 సార్లు రుద్దితే చేతికి జింక్ రాకూడదు, అప్పుడే పై కోటు. మందం ఎక్కువైతే బీటలు వారుతుంది. డబ్బాలో జింక్ పొడి అడుగుకి దిగిపోతుంది కాబట్టి స్ప్రే చేస్తున్నంతసేపూ కలుపుతూనే ఉండాలి, కలపకపోతే ముందు వచ్చేదంతా ద్రవమే, జింక్ డబ్బా అడుగున మిగిలిపోతుంది.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ కేటలాగుల్లో దొరుకుతాయి. నేను గట్టిగా చెప్పాలనుకున్నది వేరే. జింక్ పూత ఎన్నేళ్ళు వస్తుందో తేలేది గన్ పట్టుకున్నప్పుడు కాదు, దానికి ముందు బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో గట్టి రవ్వని కొట్టి ఉక్కుని శుభ్రం చేయడం) అయిన ఆ కొద్ది గంటల్లో. మెటలైజింగ్ పొర ఉక్కుకి రసాయనికంగా అతకదు, ఉక్కు మీది గరుకుని పట్టుకుని వేలాడుతుంది, అంతే. గరుకు లేకపోతే పట్టు లేదు. ఉక్కు తెల్లగా, మిల్ స్కేలు (ఉక్కు తయారీలో పట్టే నల్లటి పెచ్చు) గానీ తుప్పు మచ్చ గానీ లేకుండా, శుభ్రతకి వాడే కొలమానంలో కనీసం ఎస్ఏ 2½, వీలైతే ఎస్ఏ 3 దాకా రావాలి, గరుకు పదునైన కోణాలతో ఉండాలి, గుండ్రటి షాట్‌తో కొడితే అది రాదు, పదునైన రవ్వ, అంటే గ్రిట్ కావాలి. ఉక్కు ఉష్ణోగ్రత డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) కన్నా కనీసం 3 డిగ్రీలు పైన ఉండాలి. బ్లాస్టింగ్ అయిన నాలుగు గంటల్లోపు జింక్ పడిపోవాలి. ఇవన్నీ స్పెసిఫికేషన్‌లో ఉంటాయి, ప్రతి టెండర్‌లో ఉంటాయి, సంతకాలూ ఉంటాయి.

సైట్‌లో జరిగేది చెప్తాను. సముద్రానికి దగ్గరలో ఒక యార్డు, పేరు వద్దు. కుర్రాళ్ళు రాత్రంతా బ్లాస్టింగ్ చేసి తెల్లారేసరికి గర్డర్ సిద్ధం అన్నారు. నేను వెళ్ళేసరికి కింది ఫ్లాంజి (గర్డర్ అడుగు పలక) మీద లేత పసుపు ఛాయ, మంచు పడి అప్పుడే తుప్పు మొదలైంది. మళ్ళీ బ్లాస్టింగ్ చేయాలన్నాను. రంగు వేశాక ఎవరికి కనిపిస్తుంది సార్, అవతల ట్రైలర్ ఎదురుచూస్తోందన్న టెన్షన్‌లో ఉన్నాం అన్నాడు సూపర్‌వైజర్. ఎల్కోమీటర్ పెడితే మందం సరిగ్గానే చూపిస్తుంది, నిజమే, ఆ మీటర్‌కి మందమే తెలుసు, అడుగున ఏముందో తెలియదు. అంటుకునే చిన్న ప్యాచ్‌లోకి నీళ్ళు ఎక్కించి ఉప్పు ఎంత కరిగిందో కొలిచే పరీక్ష ఒకటి ఉంది, పది నిమిషాల పని, చేస్తే ఉప్పు పరిమితి దాటింది. మంచినీళ్ళతో కడిగించి, మళ్ళీ బ్లాస్టింగ్ చేయించి, ఎండెక్కాక జింక్ వేయించాను. ఒక రోజు పోయింది. ఆ ఉప్పు అలాగే పూత కింద ఉండిపోయుంటే అది గాలిలోంచి తేమ లాక్కుని కొన్నేళ్ళకే బుడగలు లేపేది, అప్పుడు నీళ్ళ మీద పరంజా కట్టి, రైళ్ళు ఆపి బాగుచేయాలి.

ఆ బ్లాస్టింగ్ కుర్రాళ్ళ గురించి కూడా చెప్పాలి. ఇంకా చాలాచోట్ల మామూలు ఇసుకే వాడుతున్నారు. ఆ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ వస్తుంది, వచ్చాక నయం చేసే మందు లేదు. స్టీల్ గ్రిట్, గార్నెట్ లాంటివి ఉన్నాయి, గాలి సరఫరా ఉండే హెల్మెట్లు ఉన్నాయి. ముఖానికి తువ్వాలు చుట్టుకుని బ్లాస్టింగ్ చేస్తున్న కుర్రాడు కనిపిస్తే నేను పని ఆపమంటాను, ఎవరేమనుకున్నా సరే. వంతెనకి వందేళ్ళు కావాలి, దాన్ని తోమేవాడికి నలభై ఏళ్ళ ఆయుష్షు చాలనుకుంటే ఎలా?

తనిఖీని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో బ్రూక్లిన్ వంతెన చెప్తుంది. 1883లో మొదలైన ఆ వంతెన తీగలన్నీ జింక్ పూసిన ఉక్కు తీగలు, అంత పెద్ద వేలాడే వంతెనకి అవి వాడటం అదే మొదలు. తీగ సరఫరా చేసిన హేగ్ అనేవాడు మంచి చుట్టలు చూపించి పాస్ చేయించుకుని, బండి దారిలో ఉండగా వాటిని తీసేసి నాసిరకం చుట్టలు పెట్టి పంపేవాడు. బయటపడేసరికి చాలా తీగ కేబుళ్ళలోకి ఎక్కిపోయింది, తీయడం కుదరదు. డిజైన్‌లోనే బలం చాలా ఎక్కువ ఉంచారు కాబట్టి చీఫ్ ఇంజినీరు వాషింగ్టన్ రోబ్లింగ్ ఒక్కో కేబుల్‌కి మరో 150 తీగలు కలిపి గట్టెక్కాడు. సర్టిఫికెట్ చూసి సరిపెట్టుకోకుండా వచ్చిన సరుకునే కొలవాలని నేను పట్టుబట్టేది ఇలాంటివి చదివాకే.

పూత బాగా పడినా వంతెన అంతా ఒకేలా అరగదు. అంచులు, వెల్డింగ్ గీతలు, బోల్టు తలలు ముందు పోతాయి. పదునైన అంచు మీద పూత నిలవదు, అందుకే కోసిన అంచుల్ని గ్రైండర్‌తో కాస్త గుండ్రంగా చేసి, రంగు కోట్లకి ముందు బ్రష్‌తో అంచులకి విడిగా ఒక పట్టీ కోటు వేయాలి. హై టెన్సైల్ బోల్టుల సంగతి ఇంకోటి, మరీ గట్టి గ్రేడులని ఆసిడ్‌లో కడిగితే హైడ్రోజన్ లోపలికి చేరి పెళుసవుతాయి, వాటిని హాట్ డిప్‌కి పంపకూడదు. ఇక బేరింగుల దగ్గర, ఎక్స్‌పాన్షన్ జాయింట్ల కింద మట్టి, పక్షుల రెట్టలు, ఆకులు చేరి ఎప్పుడూ తడిగా ఉంటాయి, అక్కడ ఏ జింకూ ఎక్కువకాలం ఆగదు. 2022 జనవరిలో పిట్స్‌బర్గ్‌లో ఫెర్న్ హాలో వంతెన కూలింది. దానిది పూత అక్కర్లేదనే వెదరింగ్ స్టీల్. నీళ్ళు పోయే దారులు పూడుకుపోయి తడి నిలిచి కాళ్ళు తుప్పుతో చిల్లులు పడ్డాయి, శుభ్రం చేయండని ఏళ్ళ తరబడి రిపోర్టులు చెప్తున్నా ఎవరూ చేయలేదు. డ్రెయిన్ పైపులో మట్టి తీయడానికి ఒక మనిషి, ఒక పూట చాలు.

మరి ఇప్పటికే తుప్పు పట్టిన పాత వంతెనలకి జింక్ వేయొచ్చా అని ఒకరు మెసేజ్ పెట్టారు. వేయొచ్చు. కానీ పాత రంగు పూర్తిగా తీసి ఉక్కు తెల్లగా చేస్తేనే. తుప్పు మీద, పాత రంగు మీద జింక్ ప్రైమర్ వేయడం డబ్బు నీళ్ళపాలు చేయడమే, జింక్ ఉక్కుకి నేరుగా తగలకపోతే ఆ బ్యాటరీ సెల్ ఏర్పడదు. బాగా అరిగిన ప్లేట్ల మందం ముందు అల్ట్రాసోనిక్ గేజ్‌తో కొలవాలి, పలచబడిన ప్లేటుకి పూత బలం ఇవ్వదు, దాన్ని మార్చాల్సిందే. రివెట్ల సందుల్లో బ్లాస్టింగ్ గ్రిట్ దూరదు కాబట్టి అక్కడ ఎపాక్సీ పెనెట్రేటింగ్ సీలర్లు వాడాలి. ఇంకో సంగతి, పాత వంతెనల మీద అడుగున రెడ్ లెడ్, అంటే సీసం రంగు ఉండొచ్చు. దాన్ని బయట గాలిలో గీకి నదిలోకి వదిలేస్తే కింద ఆ నీళ్ళు తాగే ఊళ్ళన్నిటికీ సీసం చేరుతుంది. పని మొదలుపెట్టే ముందు పాత రంగు పెచ్చు ఒకటి ల్యాబ్‌కి పంపండి, సీసం ఉందని తేలితే చుట్టూ టార్పాలిన్ గుడారం కట్టి, లోపలి గాలిని ఫిల్టర్‌లోంచి లాగి, రాలిన పొడి అంతా డ్రమ్ముల్లో ఎత్తి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపేలా టెండర్‌లోనే రాయించండి, ఎందుకంటే టెండర్‌లో లేనిది సైట్‌లో ఎవరూ చేయరు.